క్రొత్త కాలనీలో చెట్టునీడ

హైదరాబాదు చుట్టును 158 కిలోమీటర్ల పొడవున వెలుపలి వలయ రహదారి ఉన్నది. దాని సమీపమున ఒకప్పుడు జొన్నచేలు, మామిడితోటలు, ద్రాక్షతోటలు ఉండెడివి. నేడు పలుచోట్ల హద్దురాళ్ళు, సిమెంటు బాటలు, ఒకే అచ్చున పోసినట్లున్న ఇండ్లు కానవచ్చును. ఆ వీధులలో వేసవి మధ్యాహ్నమున నడచిచూడుడు. ఇద్దరు నిలువదగిన నీడ దొరకుట కష్టము. కాలనీల పేర్లలో మాత్రము ‘వనము’, ‘గ్రీను’ అను మాటలకు కొదువ లేదు!

ఆ పొలములలో పూర్వము చెట్లు లేకపోలేదు. గట్లపై వేప, చింత, తాడి, కానుగ ఉండెడివి. కూలీలు అన్నము తినుటకును, ఎద్దులను కట్టుటకును నీడ కావలెను గనుక రైతు వానిని కాపాడుకొనెడివాడు. భూమిని ప్లాట్లుగా విభజించినపుడు చెట్టున్నచోటు ఒకరి పడకగదిలోనో, బాట నడుమనో పడును. యంత్రము వచ్చి దానిని పెల్లగించును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో చేసిన జల, భూమి, వృక్ష చట్టము ననుసరించి చెట్టు కొట్టుటకు అనుమతి పొందవలెను. బదులుగా మొక్కలు నాటవలెను. కాని అరువదియేండ్ల చింతకు ఆరడుగుల మొక్క ఎట్లు బదులగును?

చెట్టు వేళ్ళతో త్రాగిన నీటిని ఆకులలోని సూక్ష్మరంధ్రముల గుండ ఆవిరిగా విడుచును. నీరు ఆవిరి యగుటకు వేడిమి కావలెను. ఆ వేడిమి ఆకులనుండియు, చుట్టునున్న గాలినుండియు పోవును. మట్టికూజాలో నీరు చల్లబడుటకు కారణ మిదియే. ఆకులు ఎంత విస్తారముగా నున్న ఈ పని అంతగా జరుగును. నీడలేని వీధిలో బాటలు, డాబాకప్పులు పగలెల్ల వేడిని గ్రహించి రాత్రి విడుచును. ముసలివారికి, పసిపిల్లలకు తెల్లవారుదాక నిద్ర పట్టదు. చలువయంత్రము కొనగలవారి సంగతి వేరు. అదియు ఇంటిలోని వేడిని వీధిలోనికే త్రోయును. ఆ వీధిలోనే కూరలబండివాడు తిరుగవలెను.

“నాటిన మొక్కలే పెరుగును గదా!” యని మీ రడుగవచ్చును. నేల వానిని పెరుగనీయదు. చదును చేయునపుడు సారవంతమగు పైమట్టి పోవును. పిమ్మట మొరము పోసి రోలరుతో అణగద్రొక్కుదురు. మట్టిరేణువుల నడుమ గాలికిని నీటికిని చోటిచ్చు సందులు మూసికొనిపోవును. అట్టి నేలలో చిన్న గుంట త్రవ్వి నాటిన మొక్క కుండీలో నున్నట్లే. వేళ్ళు అందులోనే చుట్టలు చుట్టుకొనును. ఎట్లో పైకి లేచినచో విద్యుత్తు తీగల కడ్డమని ఏటేట కొమ్మలు నరకుదురు. త్వరగా పెరిగి పూయునని పలువురు మడగాస్కరు ద్వీపపు తురాయిని నాటుదురు. పూలు కన్నులపండువే, కాని దాని కొయ్య పెళుసు, ఈదురుగాలికి విరిగిపడును.

ప్లాట్ల గీతలు గీయుటకు ముందే ఉన్నచెట్లను పటములో గుర్తింపవలెను. ఉద్యానమునకై నియమానుసారము విడువవలసిన ఖాళీస్థలమును వీలైనంతవరకు ఆ చెట్లున్నచోటనే చూపవలెను. ఎట్లును విడువవలసిన భూమియే గనుక అమ్మువానికి నష్టము స్వల్పము. అయితే మానును నిలిపినంత మాత్రమున చాలదు. నీటిని గ్రహించు సన్నని వేళ్ళు చాలవరకు పైమట్టిలోనే యుండును. కావున కొమ్మలు పరచుకొన్నంత మేర త్రవ్వరాదు, మట్టి పోయరాదు. కొందరు చెట్టు నుంచితిమని చెప్పుచు, మొదటిచుట్టు మొరము ఎత్తుగా పోసి, పైన సిమెంటు అరుగు కట్టుదురు. వేళ్ళకు గాలి యాడక అది కొన్నియేండ్లలో కొనకొమ్మలనుండి ఎండనారంభించును. అప్పుడు ముసలిచెట్టని దానిని కొట్టివేయుదురు.