కాగితాన్ని వదిలిన బొమ్మ

"సార్, ఫొటో కాగితంలో ఉంటుందా, కాగితం మీద ఉంటుందా?"

నాగారంలో ఒక బడిలో ఎనిమిదో తరగతి అమ్మాయి అడిగిన ప్రశ్న. దీనికి నోటితో జవాబు చెప్పడం కంటే చేసి చూపించడం మేలనిపించింది. పోలరాయిడ్ కెమెరాతో ఆ అమ్మాయి ఫొటోనే తీశాను. మర్నాడు చేతులకు గ్లౌజులు వేసుకుని, ఫొటో తెల్ల అంచులు కత్తిరించి, వెనకనున్న నల్లటి పొరను ఒలిచేశాను. ముందుభాగంలోని పారదర్శక ప్లాస్టిక్‌ను వేడినీళ్ళ పళ్ళెంలో వేసి, దానికి అంటుకున్న తెల్లని పదార్థాన్ని మెత్తని కుంచెతో తుడిచాను. అది టైటానియం డయాక్సైడ్, గోడలకు వేసే తెల్లరంగులో ఉండేదే. కాసేపటికి ముఖం మొత్తం ప్లాస్టిక్‌ను వదిలి, పాల మీద మీగడలా ముడతలు పడుతూ నీళ్ళలో తేలింది. కిందినుంచి మందపాటి డ్రాయింగ్ కాగితం పోనిచ్చి పైకి ఎత్తితే, దాని మీద పరుచుకుంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడి చూశారు.

దీన్నే ఎమల్షన్ లిఫ్ట్ అంటారు. ముడతలు, చిరిగిన అంచులు, సాగిన చెంపలు, ఇవన్నీ పోర్ట్రెయిట్లు తీసే కళాకారులు ఇప్పుడు ఏరికోరి తెచ్చుకునే అందాలు. కానీ బొమ్మను దాని ఆధారం నుంచి ఊడదీసే విద్య పోలరాయిడ్ కంటే చాలా పాతది. ఒకప్పుడు దీన్ని అందం కోసం కాదు, మరో దారి లేక చేశారు. అందులో నాకు అన్నిటికంటే ఇష్టమైనది జోసెఫ్ స్వాన్ 1864లో పేటెంట్ తీసుకున్న పద్ధతి. ఎడిసన్‌తో పాటు విద్యుత్ బల్బు కథలో వినిపించే స్వాన్ ఇతనే.

ముందు జిలటిన్ గుణం తెలియాలి. చన్నీళ్ళలో వేస్తే ఉబ్బుతుంది గానీ కరగదు. వేడినీళ్ళలో కరిగిపోతుంది. అదే జిలటిన్‌లో పొటాషియం డైక్రోమేట్ కలిపి వెలుతురు తగలనిస్తే గట్టిపడుతుంది, ఆ తర్వాత వేడినీళ్ళకు కూడా లొంగదు. అంటే వెలుతురు ఎక్కడ తగిలిందో నీళ్ళే చెప్పగలవు. ఈ జిలటిన్‌లో దీపపు మసి కలిపి కాగితానికి పూసి, నెగెటివ్ కింద పెట్టి ఎండలో ఉంచి, వేడినీళ్ళలో కడిగితే నల్లని బొమ్మ రావాలి. స్వాన్ కంటే ముందు ఫ్రాన్సులో ప్వాతెవాఁ 1855లోనే ఈ దారి పట్టాడు. మసి వెలిసిపోదు కాబట్టి బొమ్మ కూడా వెలిసిపోదని అందరి ఆశ.

కానీ ముఖాలు కుదరలేదు. జుట్టు వచ్చేది, నల్లకోటు వచ్చేది, చెంపలు మాత్రం నీళ్ళలో కొట్టుకుపోయేవి. ఎందుకు? వెలుతురు పైనుంచి లోపలికి దిగుతుంది. జుట్టున్న చోట నెగెటివ్ పల్చగా ఉంటుంది కనుక అక్కడ వెలుతురు కాగితం దాకా దిగి, జిలటిన్‌ను అడుగు వరకూ గట్టిపరుస్తుంది. నుదుటి మెరుపు దగ్గర దాదాపు ఏమీ దిగదు. చిక్కంతా చెంప దగ్గరే. అక్కడ వెలుతురు సగం దూరమే వెళ్తుంది. పైసగం గట్టిపడుతుంది, కిందిసగం మెత్తగానే మిగులుతుంది. వేడినీళ్ళు తగలగానే ఆ మెత్తని భాగం కరిగి, దాని మీద నిలిచిన గట్టిభాగం ఆధారం లేక పోతుంది. మనిషి ముఖాన్ని ముఖంగా నిలిపేవి ఈ మధ్య ఛాయలే. అవి లేకపోతే మిగిలేది మసి మరకలే.

స్వాన్ ఆ పూతను బోర్లించాడు. వెలుతురు తగిలిన పైముఖాన్ని మరో కాగితానికి తడితడిగా అదిమి అంటించి, రెండింటినీ కలిపి వేడినీళ్ళలో వేశాడు. మెత్తని జిలటిన్ కరగగానే పాత కాగితం ఊడి వచ్చేసింది. కరగాల్సినదంతా ఇప్పుడు వెనకవైపు నుంచి కరిగింది. గట్టిపడిన భాగమంతా కొత్త కాగితాన్ని పట్టుకుని ఉండడంతో, ఎంత పల్చటి ఛాయ అయినా నిలిచింది. ఈ కార్బన్ ప్రింటును ఏటవాలు వెలుతురులో తిప్పి చూస్తే జుట్టు కాస్త ఎత్తుగా, నుదురు పల్లంగా కనిపిస్తాయి. ఛాయలు ఇక్కడ కొలవగలిగిన మందం. ఫొటోగ్రఫీలో ఇంతకంటే తెలివైన ఆలోచన నాకు కనబడలేదు.

బోర్లిస్తే మరో తంటా ఉంది. కుడి ఎడమలు తారుమారవుతాయి. ఎడమ భుజం మీద ఉండాల్సిన పైట కుడివైపుకు పోతుంది, ముక్కుపుడక పక్క మారుతుంది. పరాయివాళ్ళు గమనించకపోవచ్చు గానీ ఇంట్లోవాళ్ళు చూడగానే పట్టేస్తారు. అందుకే మొదట ఒక తాత్కాలిక ఆధారానికి, అక్కడినుంచి అసలు కాగితానికి, ఇలా రెండుసార్లు మార్చే పద్ధతి వచ్చింది. పోలరాయిడ్ పొరతో పనిచేసేవాళ్ళు కూడా దాన్ని నీళ్ళలో ఏ వైపుకు తిప్పి ఎత్తాలో ముందే తేల్చుకోవాలి.

మన ప్రాంతంలో పొర ఊడడం ఒక బాధగా ఉండేది. గాజుపలక మీద జిలటిన్ పూసిన డ్రై ప్లేట్లు వచ్చాక, వేడి దేశాల్లో డెవలప్ చేసేటప్పుడు అంచుల్లో జిలటిన్ లేచి కుచ్చిళ్ళు పడేది. మే నెలలో హైదరాబాద్ కుళాయి నీళ్ళు ముట్టుకుంటే కారణం తెలుస్తుంది. పటిక నీళ్ళలో ముంచి జిలటిన్‌ను గట్టిపరచడం, ఐసు వాడడం అప్పటి ఉపాయాలు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపిన కాలం అది. 1892లో హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం ఒక ఆంగ్ల మహిళ ఆధ్వర్యంలో ప్రత్యేకంగా జనానా స్టూడియో కూడా పెట్టారు. ఆయన స్టూడియో గాజు నెగెటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. ఆ కాలపు ప్రింట్లు ఎక్కువగా గుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీదివి. అవి పసుపెక్కుతాయి. అవన్నీ స్వాన్ పద్ధతిలో మసితో వేసి ఉంటే ఎలా ఉండేవా అని నాకు ఎప్పుడూ కుతూహలంగా ఉంటుంది.

జిలటిన్‌ను కరిగేదిగా, కరగనిదిగా రెండు రకాలుగా వాడుకునే స్వాన్ ఉపాయాన్ని జార్జ్ ఈస్ట్‌మన్ ఫ్యాక్టరీకి ఎక్కించాడు. 1885 నాటి అతని ఫిల్ములో కాగితం మీద కరిగే జిలటిన్, దాని మీద గట్టిపరచిన జిలటిన్ ఎమల్షన్. 1888లో వచ్చిన మొదటి కోడాక్ కెమెరాలో 100 బొమ్మలకు సరిపడా ఇదే ఫిల్ము చుట్టి ఉండేది. జనం కెమెరాను రోచెస్టర్‌కు పంపితే, అక్కడి పనివాళ్ళు ఒక్కో బొమ్మనూ వేడినీళ్ళతో కాగితం నుంచి విడదీసేవారు. మీట నొక్కడం మీ పని, మిగతాది మాది అని కంపెనీ చెప్పుకున్న ఆ "మిగతా"లో ఇంత కష్టం ఉంది.

మరుసటి ఏడాదే పారదర్శక సెల్యులాయిడ్ ఫిల్ము రావడంతో ఊడదీసే అవసరం పోయింది. అయితే నెవార్క్‌లో హానిబల్ గుడ్విన్ అనే చర్చి ఫాదరు అలాంటి ఫిల్ముకే 1887లో పేటెంట్ అడిగి ఉన్నాడు. అది చేతికి అందేసరికి 1898. ఆయన 1900లో చనిపోయాడు. ఆ పేటెంట్ కొన్న కంపెనీ వేసిన దావాలో ఓడి, 1914లో ఈస్ట్‌మన్ కంపెనీ 50 లక్షల డాలర్లు చెల్లించింది. న్యాయం ఫాదరుకు అందలేదన్నది నాకు బాధ కలిగించే విషయం.

తర్వాతి చరిత్ర తెలిసిందే. 1972లో పోలరాయిడ్ వ్యవస్థాపకుడు ఎడ్విన్ లాండ్ ఎస్‌ఎక్స్-70 కెమెరా తెచ్చాడు. రెండు కాగితాలుగా ఒలిచే పోలరాయిడ్ ఫిల్ము 2008లో, ఫూజీ వాళ్ళది 2016లో ఆగిపోయాయి. నేను వాడింది అలా ఒలిచేది కాదు, ఇప్పుడు మళ్ళీ తయారవుతున్న ఎస్‌ఎక్స్-70 తరహా ఫిల్ము.

ఇంట్లో చేయాలనుకునేవాళ్ళకు రెండు మాటలు. ఫిల్ము లోపలి రసాయనం క్షారం, చర్మానికి తగలనివ్వకండి. డైక్రోమేట్ అయితే క్యాన్సర్ కారకం, బడిలో దాని జోలికి పోవద్దు. చివరి కడుగుడుకు మా నాగారం బోరు నీళ్ళలాంటి కఠినజలం వాడితే ఆరాక బుగ్గ మీద తెల్లటి మచ్చలు కడతాయి. ఆ ఒక్క పళ్ళేనికి ఫిల్టర్ నీళ్ళు పోసుకోండి.