అటక మీది కంప్యూటర్‌కు కరెంటు ఇచ్చే ముందు

ఏళ్ల తరబడి అటక మీద ఉన్న కంప్యూటర్‌ను దించి, దుమ్ము తుడిచి, స్విచ్చి వేస్తాం. తెర మీద అక్షరాలు వస్తాయి. మనసు నిండుతుంది. కాసేపటికి పెట్టె వెనుక నుంచి తెల్లని పొగ, దానితో ఘాటైన వాసన. పాత యంత్రాలను ప్రేమగా దాచుకున్న ఎందరికో ఇది అనుభవమే. వాడకుండా ఉంచిన వస్తువు అరగదన్నది మన నమ్మకం. అరగకపోవచ్చు, కానీ దానికీ వయసు మీద పడుతుంది.

బీబీసీ మైక్రోనే తీసుకుందాం. బ్రిటన్‌లో బీబీసీ చేపట్టిన కంప్యూటర్ అక్షరాస్యతా కార్యక్రమం కోసం కేంబ్రిడ్జిలోని ఏకార్న్ సంస్థ 1981లో తెచ్చిన యంత్రమిది. మన దేశంలో 1984-85లో మొదలైన ‘క్లాస్’ పథకం కింద తొలి విడతలో 250 బడులకు చేరిందీ ఇదే. వీటిలో చాలావాటికి ఆస్టెక్ సంస్థ చేసిన స్విచింగ్ పవర్ సప్లై ఉంటుంది. అది 240 వోల్టుల ఏసీని దాదాపు 340 వోల్టుల డీసీగా మారుస్తుంది. దాన్ని ఒక ట్రాన్సిస్టర్ సెకనుకు వేలసార్లు తెంచి కలుపుతుంటే, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ద్వారా 5 వోల్టులు తయారవుతాయి.

ఈ వేగం వల్ల పుట్టే విద్యుత్ అలజడి ఇంటి వైరింగులోకి పాకకుండా ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఎక్స్2 తరగతి కెపాసిటర్లు పెట్టారు. ఎపాక్సీలో పోతపోసిన రిఫా కంపెనీ కెపాసిటర్లవి. లోపల లోహపు పూత పూసిన కాగితం ఉంటుంది. ఎక్కడైనా చిల్లుపడి షార్టయితే, అక్కడి పూత ఆవిరైపోయి లోపం తనంతట తానే మానుతుంది. అలా భద్రత కోసం ఎంచుకున్న కాగితమే కాలక్రమంలో బలహీనతగా మారింది. ఎపాక్సీ తొడుగు సన్నగా బీటలు వారుతుంది. ఆ బీటల గుండా గాలిలోని తేమ కాగితానికి అందుతుంది. కరెంటు ఇచ్చాక తడిసిన కాగితం వేడెక్కి పొగలు కక్కుతుంది.

పొగ పోయాక కూడా కంప్యూటర్ తరచు పనిచేస్తూనే ఉంటుంది. ఆ కెపాసిటర్ వడపోతకే తప్ప సరఫరాకు అవసరం లేదు. అయినా దాన్ని అలా వదిలేయకూడదు. అదే విలువ గల పాలీప్రొపిలీన్ ఎక్స్2 కెపాసిటర్‌నే వేయాలి. మామూలు కెపాసిటర్ అక్కడ షార్టయితే నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లది మరో తీరు. వాటిలోని ద్రవం రబ్బరు మూత గుండా మెల్లగా ఆవిరవుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది. అవి ఎండిపోయేకొద్దీ 5 వోల్టుల మీద ఎగుడుదిగుళ్లు పెరుగుతాయి. అప్పుడు కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. తప్పు చిప్పులదని పొరబడతాం.

కాబట్టి మరమ్మతు పవర్ సప్లై నుంచే మొదలుకావాలి. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన వోల్టేజి నిలిచి ఉండవచ్చు. దాన్ని తగిన రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో సరిచూసుకున్నాకే చేయి పెట్టాలి. ఈ పనికి కొత్తవారు అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకోవాలి. కెపాసిటర్లు మార్చాక కూడా మదర్‌బోర్డును వెంటనే తగిలించకూడదు. 5 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్‌ను లోడుగా పెడితే ఒక ఆంపియర్ ప్రవహిస్తుంది. అప్పుడు కొలత 4.75, 5.25 వోల్టుల మధ్య నిలకడగా ఉండాలి. ఈ జాగ్రత్త ఎందుకో కమొడోర్ 64 చెబుతుంది. ఎపాక్సీతో నింపిన దాని సరఫరా పెట్టెలో రెగ్యులేటర్ దెబ్బతింటే 5 వోల్టులు హద్దు దాటి, మెమరీ చిప్పులు మాడిపోతాయి.

చివరగా ఒక చీటీ మీద మార్చిన భాగాల పేర్లు, తేదీ రాసి పెట్టె లోపల అంటించండి. ఈ రోజు వేసిన కెపాసిటర్‌కూ ఈ రోజు నుంచే వయసు లెక్క మొదలైంది. రేపు ఈ యంత్రాన్ని విప్పేవారికి ఆ తేదీ కావాలి.