షుగర్ కంటే ముందే మాట్లాడే లివర్

ఏటా ఒకసారి మా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో హెల్త్ చెకప్‌లు జరుగుతాయి. పొద్దున్నే పరగడుపున లైన్లో నిలబడి రక్తం ఇస్తాం. రెండ్రోజుల్లో పది పన్నెండు పేజీల రిపోర్టు మెయిల్‌కి వచ్చేస్తుంది. అందరూ ముందుగా వెతికేది రెండే... షుగర్, కొలెస్ట్రాల్. ఆ రెండూ బాగుంటే ‘హమ్మయ్య’ అనుకుని ఫైలు మూసేస్తారు. మధ్యలో ‘లివర్ ఫంక్షన్ టెస్ట్’ అని ఒక పేజీ ఉంటుంది. అదేదో మందు తాగేవాళ్ల కోసం అన్నట్టు దాటేస్తారు. నిజానికి ఇవాళ షుగర్ లేనివాళ్లకి రేపు వచ్చే అవకాశం గురించి చెప్పే సూచనల్లో ఒకటి ఆ పేజీలోనే ఉంది.

నేను డాక్టర్ని కాదు, ఇరవై ఎనిమిదేళ్ల సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. మా నాన్నకి నలభై ఒకటో ఏట షుగర్ వచ్చింది. తాతయ్యకీ ఉండేది. అందుకే ఇది నాకు వట్టి సైన్సు విషయం కాదు. నా వంతు ఎప్పుడు, అసలు రాకుండా ఆపగలనా అన్న ప్రశ్న.

ఆ అంకెలు ఏం చెబుతాయి?

రిపోర్టులో ఎస్‌జీపీటీ అని కనిపించేదాన్నే ఏఎల్‌టీ అని కూడా అంటారు. ఎస్‌జీఓటీకి ఇంకో పేరు ఏఎస్‌టీ. మూడోది జీజీటీ. ఇవన్నీ ఎంజైములు. మామూలుగా కణాల్లో ఉండి తమ పని తాము చేసుకుంటాయి. కణాలు దెబ్బతిన్నప్పుడు ఎక్కువ మోతాదులో రక్తంలోకి వచ్చేస్తాయి. ఎస్‌జీఓటీ గుండెలో, కండరాల్లో కూడా ఉంటుంది. ఎస్‌జీపీటీ మాత్రం ప్రధానంగా కాలేయానిదే. అందుకే అది పెరిగితే డాక్టర్లు ముందు కాలేయం వైపు చూస్తారు.

కాలేయ కణాలు దెబ్బతినడానికి మద్యం, హెపటైటిస్ వైరస్‌లు, కొన్ని రకాల మాత్రలు కారణం కావచ్చు. అయితే ఇప్పుడు చాలామందిలో కనిపిస్తున్న కారణం కొవ్వు. మద్యం చుక్క ముట్టనివాళ్ల కాలేయంలోనూ అది చేరుతుంది. ఫ్యాటీ లివర్ అంటున్నది దీన్నే.

గోదాము మాట వినకపోతే...

కాలేయాన్ని ఒక గోదాము అనుకోండి. తిన్న అన్నంలోంచి వచ్చిన గ్లూకోజ్‌లో కొంత అక్కడ నిల్వ ఉంటుంది. రాత్రి మనం నిద్రపోతున్నప్పుడు ఒంటికి కావాల్సినంత కొద్దికొద్దిగా బయటకు వదులుతుంది. ‘ఇక చాలు, ఆపు’ అని చెప్పేది ఇన్సులిన్. కాలేయంలో కొవ్వు పేరుకున్నప్పుడు ఆ మాట సరిగ్గా వినదు. అవసరం లేకపోయినా గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. రాత్రంతా ఏమీ తినకపోయినా కొందరికి పొద్దున్నే షుగర్ ఎక్కువ చూపించడానికి ఇదొక ముఖ్య కారణం.

అప్పుడు క్లోమగ్రంథి ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ అదనపు ఇన్సులిన్ ఉన్నచోట మనం తిన్న పిండిపదార్థాలు కాలేయంలో మరింత కొవ్వుగా మారతాయి. కొవ్వు పెరిగితే కాలేయం ఇంకా మొండికేస్తుంది. మా భాషలో చెప్పాలంటే ఇదొక లూప్. క్లోమగ్రంథి ఎక్కువ పనిచేసి నెట్టుకొస్తున్నంత కాలం షుగర్ పరీక్ష నార్మల్‌గానే వస్తుంది. అది అలసిపోయాకే షుగర్ బయటపడుతుంది. ఈలోపు కాలేయం అంకెలు మెల్లగా పైకి జరుగుతూ ఉండొచ్చు.

నార్మల్ గీత లోపలే ప్రమాదం

దీన్ని పరిశోధకులు ఇరవై ఏళ్ల కిందటే గమనించారు. అమెరికాలోని అరిజోనాలో పిమా అనే ఆదివాసీలు ఉంటారు. వారిలో షుగర్ చాలా ఎక్కువ. షుగర్ లేని 451 మంది పిమాలను సగటున ఏడేళ్ల పాటు గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో ఏఎల్‌టీ ఎక్కువ ఉన్నవాళ్లకి తర్వాత షుగర్ వచ్చే ముప్పు ఎక్కువని తేలింది. ఒంట్లో కొవ్వు శాతాన్ని లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ సంబంధం నిలిచింది.

నన్ను ఆపి ఆలోచింపజేసింది మాత్రం స్కాట్లాండ్ అధ్యయనం. దాదాపు 6 వేల మంది నడివయసు మగవాళ్లను ఐదేళ్ల పాటు గమనించి 2004లో ప్రచురించారు. ఏఎల్‌టీ 17 కంటే తక్కువ ఉన్నవాళ్లతో పోలిస్తే 29, ఆపైన ఉన్నవాళ్లకి షుగర్ ముప్పు మూడు రెట్లు మించి కనిపించింది. బరువు, ట్రైగ్లిజరైడ్లు, గ్లూకోజ్ లాంటివన్నీ లెక్కలోంచి తీసేశాక కూడా రెండు రెట్లు మిగిలింది. బ్రిటన్, అమెరికాల్లో జరిగిన ఇతర అధ్యయనాల్లో జీజీటీకీ ఇలాంటి సంబంధమే కనిపించింది.

ఇక్కడ 29 అన్న అంకె చూడండి. మన ల్యాబుల్లో చాలాచోట్ల 40, 50 దాకా నార్మల్ అనే వేస్తారు. 29కి ఎవరూ ఎర్ర గుర్తు పెట్టరు. అమెరికాలోని జీర్ణకోశ వైద్యుల సంఘం 2017లో ఆరోగ్యవంతులకు పై హద్దును మగవాళ్లకి 29 నుంచి 33, ఆడవాళ్లకి 19 నుంచి 25 అని చెప్పింది. అంటే రిపోర్టులో ‘నార్మల్’ అని ఉన్నంత మాత్రాన పూర్తిగా నిశ్చింత అని కాదన్నమాట.

నా అంకెలు, నాన్న మాట

నేను మూడేళ్ల రిపోర్టులూ తీసి ఎక్సెల్ షీట్లో వేసుకున్నాను. ఎస్‌జీపీటీ 22, 31, 44. దేనికీ ఎర్ర గుర్తు లేదు. ఆ మూడేళ్లలో బరువు తొమ్మిది కిలోలు పెరిగింది. ఆ షీటు చూపిస్తే డాక్టరుగారు అల్ట్రాసౌండ్ రాశారు. గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్ అని వచ్చింది. హెచ్‌బీఏ1సీ 5.6. ప్రీ డయాబెటిస్ మొదలయ్యేది 5.7 దగ్గర.

ఇంటికి ఫోన్ చేసి చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, ‘‘ఏరా, అక్కడికెళ్లాక ఏమైనా అలవాటైందా?’’ అన్నారు. లేదు నాన్నా, ఇది తిండి వల్ల, కూర్చోవడం వల్ల వచ్చేది అని అరగంట చెప్పాల్సొచ్చింది. లివర్ అంటే తాగుడే అన్న ఈ నమ్మకం వల్ల ఎంతమంది బయటకు చెప్పుకోలేక ఊరుకుంటున్నారో!

నేనొక్కణ్నే కాదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్ ఉంది. దేశమంతా తీసుకుంటే 10.1 కోట్ల మందికి షుగర్, మరో 13.6 కోట్ల మందికి ప్రీ డయాబెటిస్ ఉన్నట్టు ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్కగట్టింది.

భయం వద్దు, లెక్క కావాలి

ఎంజైములు పెరిగితే షుగర్ వచ్చి తీరుతుందని కాదు. కొత్తగా జిమ్‌లో బరువులెత్తినా కొన్నాళ్లు ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ పెరగొచ్చు. ఫ్యాటీ లివర్ ఉన్నా ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉండేవాళ్లూ ఉన్నారు. కాబట్టి ఒక్క అంకె చూసి తీర్పు చెప్పకూడదు. ఇంట్లో షుగర్ ఉందా, నడుము చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటిందా, ట్రైగ్లిజరైడ్లు ఎంత... వీటన్నిటితో కలిపి చూడాలి.

మంచి కబురేంటంటే, కాలేయంలో కొవ్వు త్వరగానే కరుగుతుంది. ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో 2011లో 11 మంది షుగర్ రోగులకు రోజుకు 600 క్యాలరీల ఆహారమే ఇచ్చి చూశారు. మొదటి వారంలోనే కాలేయంలో కొవ్వు 30 శాతం తగ్గి, పరగడుపు షుగర్ నార్మల్‌కి వచ్చింది. అది నిపుణుల పర్యవేక్షణలో జరిగిన ప్రయోగం, మనం సొంతంగా చేసేది కాదు. కానీ మామూలు పద్ధతిలో బరువులో 5 శాతం తగ్గినా కాలేయంలో కొవ్వు తగ్గుతుంది. 7 నుంచి 10 శాతం తగ్గితే వాపు కూడా తగ్గుతుంది. 80 కిలోల మనిషికి 5 శాతమంటే నాలుగు కిలోలే.

నాకు డాక్టరుగారు చెప్పింది కూడా పెద్ద లిస్టేం కాదు. కూల్‌డ్రింకులు, ప్యాకెట్ జ్యూసులు పూర్తిగా మానడం. రాత్రి అన్నం సగానికి తగ్గించి పప్పు, కూర పెంచడం. రోజూ నలభై నిమిషాల నడక. ఆర్నెల్ల తర్వాత మళ్లీ పరీక్ష. ఇప్పటికి నాలుగు నెలలైంది, మూడున్నర కిలోలు తగ్గాను. ఎస్‌జీపీటీ ఎంతకొస్తుందో ఇంకా తెలీదు.

మీ దగ్గర పాత రిపోర్టులుంటే ఎస్‌జీపీటీ, జీజీటీ, పరగడుపు షుగర్ అంకెల్ని ఏడాదివారీగా ఒక కాగితం మీద రాయండి. ఒకటే ల్యాబైతే ఇంకా మంచిది. అంకెలు ఏటేటా పైకి పోతుంటే, ఎర్ర గుర్తు పడేదాకా ఆగకుండా ఆ కాగితం డాక్టరుకి చూపించండి. మా నాన్నకి షుగర్ ఉందని తెలిసేనాటికి మందులు మొదలుపెట్టాల్సి వచ్చింది. మన తరానికి ముందే తెలుసుకునే వీలుంది. ఖర్చు లేదు, ఓ పది నిమిషాలు చాలు.