పిస్టల్‌కి సేఫ్టీ మీట ఉండాల్సిందేనా?

మన ఫలక్‌నుమాలో బరాత్ వీడియో చూసి ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, సేఫ్టీ ఉంటే మిస్‌ఫైర్ ఎట్ల అయితది?" మిస్‌ఫైర్ అంటే పేలకపోవడం తమ్ముడూ, మన పేపర్లు ఉల్టా రాస్తాయి.

ఇషాపూర్‌లో తయారయ్యే 9 ఎంఎం పిస్టల్ 1ఎ ఉంది కదా, బ్రౌనింగ్ హై పవర్ డిజైన్. ఎడమ పక్క మీట బొటనవేలితో పైకి నెడితే లాక్. గ్లాక్ 17కి ఆ మీటే లేదు. లోపల మూడు అడ్డాలుంటాయి, ట్రిగ్గర్ నొక్కితే మూడూ తప్పుకుంటాయి. నొక్కింది వేలా, ఒరలో ఇరుక్కున్న చొక్కా అంచా, దానికి తెలీదు. అక్కడ మీట నిజంగా కాపాడుతుంది.

కానీ నేను కోడ్ రాసే రోజుల్లో డిలీట్‌కి ముందు "ఖాయమేనా?" అని అడిగే బాక్స్ పెట్టేవాణ్ని. వారం తర్వాత ఎవరూ చదవరు, ఓకే కొట్టేస్తారు. మీటా అంతే, వేశామనుకుంటాం.

అసలు భయం క్లీనింగ్ దగ్గర. మ్యాగజీన్ తీశాక ఖాళీ అనుకుంటారు, ఛాంబర్‌లో ఒక రౌండ్ ఉండిపోతది. గ్లాక్ విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కాల్సిందే! అందుకే ముందు మ్యాగజీన్ తీయాలి, తర్వాత స్లైడ్ లాగి ఛాంబర్‌లోకి కళ్లతో చూడాలి. రెండుసార్లు.

బరాత్‌లో గాల్లోకి పేల్చేవాడికి ఏ మీటా అడ్డు కాదు, వాడు కావాలనే నొక్కాడు. దానికి 2019 ఆయుధ చట్ట సవరణ ఉంది: 2 ఏళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.