బొమ్మ గనులు – బొగ్గు గనులు

పెద్దలు చేసే పనిని పిల్లలు ఆటగా అనుకరించడం లోకసహజం. కుమ్మరి ఇంటి బిడ్డ మట్టితో చిట్టి ముంతలు చేస్తుంది. రైతు బిడ్డ పుల్లలతో నాగలి కట్టి వాకిట్లో దున్నుతాడు. వారు పెద్దల పనిని కన్నులారా చూచినవారు, చూచినదానినే ఆడుకొంటారు. మంచిర్యాల జిల్లా శ్రీరాంపూర్‌లో బొగ్గుగని కార్మికుని బిడ్డకు ఆ అవకాశం లేదు. 18 ఏండ్లు నిండనివారిని గనిలోనికి రానీయరాదని 1952 నాటి గనుల చట్టం, తరువాతి సవరణతో, శాసించినది. శిక్షణకై వచ్చే యువకుల విషయంలో మాత్రమే కొంత సడలింపు ఉన్నది.

చట్టం మంచిదే. అయితే దాని వెనుక ఒక వింత దాగి ఉన్నది. తండ్రి రోజుకు ఎనిమిది గంటలు గడిపే చోటు బిడ్డ కంటికి ఎన్నడును కనబడదు. షిఫ్టు సైరను వినబడుతుంది. మసి అంటిన బట్టలు కనబడతవి. అంతకుమించి ఏమియు తెలియదు. ఆ బిడ్డ స్వేచ్ఛగా దిగగల గని ఒక్కటే: సెల్‌ఫోనులోనో, కంప్యూటరులోనో ఉండే బొమ్మ గని. కనుక ఆ బొమ్మ గని ఎంతవరకు నిజం చెప్పుచున్నదన్న ప్రశ్న శ్రీరాంపూర్‌లో వట్టి వినోదానికి సంబంధించినది కాదు.

గనిని కథావస్తువుగా చేసికొన్న వీడియో ఆటలు నలుబది ఏండ్లకు పైగా వస్తున్నవి. వాటిలో పేరుపొందిన ఏడింటిని బొగ్గుబాయి త్రాసులో తూచి చూడవచ్చును. ఆ త్రాసుకు మూడు తూకపురాళ్లు. మొదటిది పైకప్పు. బొగ్గు తీసిన చోట పైనున్న రాతిపొరల బరువు క్రిందికి వచ్చును. పూర్వం కర్ర దిమ్మెలతో, నేడు ఎక్కువగా ఉక్కు బోల్టులతో దానిని ఆపుతారు. 2021 నవంబరు 10న శ్రీరాంపూర్‌లోని ఎస్.ఆర్.పి. 3 గనిలో పైకప్పు కూలి నలుగురు కార్మికులు ప్రాణాలు కోల్పోయినారు. రెండవది గాలి. బొగ్గుపొరల నుండి వెలువడే మీథేను వాయువు గాలిలో సుమారు నూటికి 5 పాళ్లు మొదలు 15 పాళ్ల వరకు కలిసినపుడు నిప్పురవ్వ తగిలితే ప్రేలుతుంది. అందుకే పెద్ద ఫ్యాన్లతో గనిలో గాలిని ఎడతెగక ఆడిస్తారు. మూడవది తిరుగుప్రయాణం. దీపాల గదిలో తీసికొన్న టోపీ దీపాన్ని షిఫ్టు చివర తిరిగి అప్పగించాలి. అప్పగించని దీపం ఒక్కటి మిగిలినా, ఒక మనిషి ఇంకను పైకి రాలేదేమోనని వెదకవలసినదే.

డిగ్ డగ్ (1982): జపాను దేశపు నామ్కో సంస్థ దీనిని తయారుచేసినది. నేలను తొలుచుకొనిపోయే వీరుడు ఎదురైన భూతాలలోనికి పంపుతో గాలి ఎక్కించి అవి పగిలిపోయేటట్లు చేస్తాడు. బండలను వాటి నెత్తిన పడేటట్లు చేస్తాడు. తవ్విన సొరంగం ఎన్నటికిని కూలదు. ఇక గాలి సంగతి మరీ విడ్డూరం. గనిలో మనిషిని బ్రతికించేది పంపిన గాలి. ఈ ఆటలో అదే ఆయుధం. తీర్పు: ఆటగా చురుకైనది, గనిగా సున్న.

మానిక్ మైనర్ (1983): ఇంగ్లండులో మాథ్యూ స్మిత్ అనే, ఇరవై ఏండ్లు నిండని యువకుడు రచించిన ఆట. విల్లీ అనే గని మనిషి 20 గుహలను దాటవలెను. యజమానులు అంతరించి యుగాలు గడచినా, ఆపుమని చెప్పేవారు లేక అక్కడి యంత్రాలు ఇంకను తవ్వుతూనే ఉంటవన్నది కథ. ప్రతి గుహలోను తెర అడుగున ఒక పట్టీ క్రమక్రమంగా తరుగుచుండును. అది మిగిలిన గాలికి కొలత. గాలి అయిపోతే విల్లీ కథ ముగిసినట్లే. తీర్పు: దుముకుడు ఎక్కువ, తవ్వకం లేదు, అయినను గాలి విలువ తెలిసిన ఆట.

బౌల్డర్ డాష్ (1984): కెనడావారైన పీటర్ లీపా, క్రిస్ గ్రే దీని కర్తలు. వజ్రాల కొరకు మట్టిని తొలిచే రాక్‌ఫర్డ్ చుట్టూ బండలు ఉంటవి. బండ క్రింది మట్టిని తీస్తే బండ పడును. ఒక బండపై మరొకటి ఉంటే ప్రక్కకు దొర్లిపడును. తలపై ఆగి ఉన్న బండ, రాక్‌ఫర్డ్ అడుగు తీసిన మరుక్షణమే జారును. తవ్వేముందు పైకి చూడవలెనన్న పాఠం రెండు నిమిషాలలో చేతివేళ్లకు అబ్బుతుంది. తీర్పు: ఏడింటిలోను పైకప్పుకు భయపడవలెనని నేర్పినది ఇదే. ఆరవ తరగతి పిల్లల చేతికి నిస్సంకోచంగా ఇయ్యదగినది.

వాంటెడ్: మాంటీ మోల్ (1984): ఇంగ్లండులోని షెఫీల్డు నగరం నుండి గ్రెమ్లిన్ గ్రాఫిక్స్ వెలువరించినది. గనుల మూసివేతకు వ్యతిరేకంగా బ్రిటన్ కార్మికులు 1984 మార్చి నుండి 1985 మార్చి వరకు చేసిన మహా సమ్మె నడుమనే ఈ ఆట వచ్చినది. నేలలో బొరియలు తవ్వే మోల్ అనే చిన్న జంతువు చలికి తాళలేక గనిలో బొగ్గు దొంగిలించబోతుంది. కార్మిక సంఘాధ్యక్షుడు ఆర్థర్ స్కార్గిల్‌ను పోలిన బొమ్మ కూడ అందులో ఎదురగును. పత్రికలో వ్యంగ్యచిత్రం చేసే పనిని ఇక్కడ ఆట చేసినది. ఏడాదిపాటు జీతం లేక పస్తులున్న ఇండ్లలో ఈ హాస్యానికి ఎందరు నవ్వియుందురో ఊహించుకొనవలసినదే. తీర్పు: చరిత్ర ఉపాధ్యాయునికి పనికివచ్చును, పిల్లలకు ముందుగా సమ్మె కథ చెప్పి ఆ తరువాత చూపవలెను.

మైన్‌క్రాఫ్ట్ (2011): స్వీడను దేశపు మార్కస్ పెర్సన్ ప్రారంభించిన ఈ ఆటను 2014లో మైక్రోసాఫ్ట్ సంస్థ 250 కోట్ల డాలర్లకు కొన్నది. 2023 నాటికి 30 కోట్ల ప్రతులు అమ్ముడుపోయినవి. పిల్లలలో ఇంతటి ఆదరణ పొందిన గని మరొకటి లేదు. ఊహించి కట్టుకొనే నేర్పును ఇంత ధారాళంగా ఇచ్చే ఆటలును అరుదు. గనిగా చూస్తేనే చిక్కు. ఇందులో ఇసుక, కంకర వంటివి తప్ప రాతిదిమ్మ ఏదియు ఆధారం తీసినా పడదు. పాడుపడిన గని మార్గాలలో కర్ర దిమ్మెలు కనబడతవి. వాటిని పెరికివేసినా పైకప్పు చెక్కుచెదరదు, అవి అలంకారమాత్రమే. అంతకంటె విపరీతం, బొగ్గును పుల్లకు జతచేసి కాగడా వెలిగించి గనిలో నాటడం. శ్రీరాంపూర్ గనులలో అగ్గిపెట్టె, బీడీ సైతం లోనికి పోరాదు. ముఖద్వారం వద్దనే సోదా జరుగును. తీర్పు: కట్టడానికి ఉత్తమం, తవ్వడానికి అబద్ధం.

స్టార్‌డ్యూ వ్యాలీ (2016): అమెరికాలో ఎరిక్ బరోన్ నాలుగేండ్లకు పైగా ఒంటరిగా శ్రమించి చేసిన ఆట. ప్రధానంగా ఇది వ్యవసాయం. కొండక్రింద 120 అంతస్తుల గని ఉన్నది. ఐదేసి అంతస్తులకు ఒకసారి లిఫ్టు ఆగును. గొడ్డలి వేటుకును, గునపం పోటుకును ఒంట్లో సత్తువ తరుగును. రాత్రి రెండు గంటలలోగా ఇల్లు చేరనివాడు ఉన్నచోటనే సొమ్మసిల్లి పడిపోవును. చేతిలోని సొమ్ము కొంత పోవును. తీర్పు: పనికి ఒక హద్దు ఉండవలెనని తెలిసిన ఆట. భూగర్భంలో రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించరాదన్న చట్టంలోని ధర్మమే ఇందులో వేరొక రూపంలో కనబడును.

డీప్ రాక్ గెలాక్టిక్ (2020): డెన్మార్కు దేశపు ఘోస్ట్ షిప్ గేమ్స్ వారిది. నలుగురు మరుగుజ్జులు ఒక కంపెనీ పనిమీద పరగ్రహంలో గనులు తవ్వుతారు. ఒకడు పడిపోతే తోటివాడు పోయి లేపవలెను. ఈ సహోదరభావం బొగ్గుబాయికి అచ్చంగా చెందినది. కాని పని ముగిసిన పిమ్మట వచ్చే వాహనం గడువు తీరగానే లేచిపోవును. ఒక్కడు ఎక్కగలిగినను గెలుపుగానే లెక్క. నిజమైన గనిలో లెక్క ఇట్లుండదు. లోపల ఎవరైనా మిగిలితే రక్షణ దళం దిగును. ఆ నేర్పు కొరకే సింగరేణి సంస్థ రక్షణ కేంద్రాలను నడుపుచున్నది. తీర్పు: స్నేహం పసిడి, లెక్క ఇత్తడి. తుపాకుల మోత అధికం గనుక పెద్ద తరగతులవారికి మాత్రమే.

ఇట్లు తూచి చూడగా, ఒకదానిలో గాలి, ఒకదానిలో పైకప్పు, ఒకదానిలో పనివేళ, ఒకదానిలో తోడు ఉన్నవి. అన్నియు గలిగిన ఆట ఒక్కటియు లేదు. ఒక కొరత మాత్రం అన్నిటికిని సమానం. తెరమీద పడిపోయినవాడు మరుక్షణం లేచి మొదటినుండి ఆరంభించును. ఆటకు ఇది దోషం కాదు; ఓడి మరల మొదలుపెట్టే వీలు లేనిది ఆటయే కాదు. అయితే గని అంటే ఇంతేనన్న అభిప్రాయంతో పెరిగిన బిడ్డ, తండ్రి అలసటను గాని, షిఫ్టు దాటి అరగంట ఆలస్యమైతే తల్లి వాకిట నిలిచి దారి చూడడాన్ని గాని అర్థం చేసికొనలేడు.

ఇందుకు ఆటలను నిషేధించవలసిన పని లేదు. సామాన్యశాస్త్రం చెప్పే ఉపాధ్యాయుడు ఒక పూట బౌల్డర్ డాష్‌ను, మరొక పూట మైన్‌క్రాఫ్ట్‌ను ముందుంచి, ఏ గనిలో రాయి ఎందుకు పడినది, ఏ గనిలో ఎందుకు పడలేదు అని అడిగితే గురుత్వాకర్షణ పాఠం తానై నడుచును. ఆ పిమ్మట విద్యార్థులకు ఇంటిపని ఒక్కటి చాలును: గనిలో పైకప్పు గట్టిగా ఉన్నదో లేదో ఎట్లు తెలియునని ఇంటి పెద్దలను అడిగి వ్రాసికొని రావడం. అనుభవజ్ఞుడైన కార్మికుడు కడ్డీతో పైకప్పును తట్టి చెవియొగ్గి వింటాడు. గట్టి రాయి ఖంగుమని పలుకును. పొర విడిచిన రాయి డొల్లగా మ్రోగును. ఈ ఏడు ఆటలలో ఎక్కడను పైకప్పును తట్టి వినే ఆటగాడు లేడు. ఆ రెండు శబ్దాలకు గల తేడా చెప్పగలవారు శ్రీరాంపూర్‌లో వీధికి ఒక్కరైనను ఉందురు.