తాడాటా? పరుగా?
బాక్సింగ్, కుస్తీ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులకు కొన్ని మాటలు

“మా అబ్బాయి బాక్సింగ్‌కు వెళ్తున్నాడు డాక్టరుగారూ. కోచ్ ఐదు కిలోమీటర్లు పరుగెత్తమంటాడు. స్నేహితులేమో పరుగు దండగ, స్కిప్పింగ్ చాలంటారు. వాడు రెండూ చేస్తున్నాడు. ఇప్పుడు కాలు నొప్పి అంటున్నాడు. ఏది మానిపించాలి?”

తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఇది. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లోనూ, 2023లో ఢిల్లీలోనూ ప్రపంచ ఛాంపియన్‌గా నిలిచింది. అటువంటి విజయాలు చూసి మన పిల్లలు ఈ ఆటలపై ఆసక్తి చూపడం సంతోషించదగ్గ విషయమే. అయితే వారి సాధన ఎముకలకు, గుండెకు హాని చేయకుండా చూడవలసిన బాధ్యత మనది.

పోటీలో శరీరానికి ఏం కావాలి?

అమెచ్యూర్ బాక్సింగ్ పోటీలో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు ఉంటాయి. రౌండ్‌కూ రౌండ్‌కూ మధ్య విశ్రాంతి ఒక్క నిమిషమే. కుస్తీలో మూడు నిమిషాల చొప్పున రెండు భాగాలు, మధ్యలో 30 సెకన్ల విరామం. అంటే ఆటగాడికి రెండు శక్తులు కావాలి. మొదటిది, కొద్దిపాటి విశ్రాంతిలోనే గుండె, ఊపిరి కుదుటపడే దమ్ము. రెండవది, అలసిన తర్వాత కూడా పాదాలు చురుకుగా కదిలే నేర్పు.

పరుగు ఏమిస్తుంది?

పక్కవారితో మాట్లాడుతూ పరుగెత్తగలిగే నిదానమైన వేగంతో 20 నుండి 30 నిమిషాలు పరుగెడితే దమ్ము పెరుగుతుంది. గుండె ఒక్కసారి కొట్టుకున్నప్పుడు పంపే రక్తం ఎక్కువవుతుంది. రౌండ్ల మధ్య త్వరగా తేరుకోవడానికి ఇదే పునాది. అయితే పరుగులో శరీర బరువంతా ఒక్కో అడుగుకు ఒక్కో కాలిపైనే పడుతుంది. ఆ తాకిడి శరీర బరువుకు రెండు మూడు రెట్లు ఉంటుంది.

తాడు ఏమిస్తుంది?

స్కిప్పింగ్‌లో చేయి, కన్ను, పాదం ఒకే లయలో పనిచేయాలి. మడమ ఆనించకుండా పాదం ముందు భాగంపై తేలికగా కదలడం అలవడుతుంది. బాక్సర్‌కు రింగులో కావలసింది ఇదే. పిక్కలు, చీలమండలు, భుజాలు గట్టిపడతాయి. చిన్న స్థలం చాలు, ఖర్చు తక్కువ. కానీ పిక్కలపైనా, మడమ వెనుక ఉండే స్నాయువుపైనా భారం ఎక్కువ.

పది నిమిషాల స్కిప్పింగ్ అరగంట పరుగుతో సమానమని చాలామంది అంటారు. ఇది నిజం కాదు. నిమిషానికి 100 నుండి 120 గెంతులు వేస్తే ఖర్చయ్యే శక్తి, గంటకు 10 నుండి 12 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తినప్పటి శక్తికి దగ్గరగా ఉంటుంది. పది నిమిషాలకు పది నిమిషాలే లెక్క.

ఈడొచ్చిన ఆడపిల్లలు తాడాట ఆడితే గర్భసంచి జారుతుందని కొందరు పెద్దవారు భయపడతారు. ఆరోగ్యంగా ఉన్న ఆడపిల్లలకు ఆ భయం అవసరం లేదు. బహిష్టు రోజుల్లో కూడా ఓపిక ఉంటే ఆడవచ్చు.

రెండూ ఒకే కాలి ఖాతాలోకి

అసలు గుర్తుంచుకోవలసిన విషయం ఇది. అరగంట పరుగులో పిల్లవాడు సుమారు 5,000 అడుగులు వేస్తాడు. మూడు నిమిషాల చొప్పున మూడు రౌండ్లు స్కిప్పింగ్ చేస్తే వెయ్యికి పైగా గెంతులు. ఏది పరుగో, ఏది గెంతో కాలి ఎముకకు తెలియదు. రెండింటి భారాన్నీ అదే మోస్తుంది. కాబట్టి “ఏది మంచిది?” అని కాక, “వారం మొత్తంలో కాళ్లపై ఎంత పడుతోంది?” అని అడగండి.

కొత్తగా మొదలుపెట్టేవారు ఇలా చేయవచ్చు:

* వారంలో మూడు రోజులు నిదానమైన పరుగు, మరో రెండు మూడు రోజులు స్కిప్పింగ్. ఒక రోజు పూర్తి విశ్రాంతి.
* స్కిప్పింగ్ మొదట 30 సెకన్లు, ఆపై 30 సెకన్ల విశ్రాంతి. ఇలా పదిసార్లు. నెల, నెలన్నరలో నెమ్మదిగా మూడు నిమిషాల రౌండ్లకు చేరాలి.
* ఒకే వారంలో పరుగునూ, స్కిప్పింగ్‌నూ రెండింటినీ పెంచవద్దు.
* తాడు మధ్యలో కాలుపెట్టి పైకి లాగితే పిడులు చంకల దాకా రావాలి. తాడు దూరేంత ఎత్తు ఎగిరితే చాలు.
* సిమెంటు గచ్చు, డాబా వద్దు. మట్టినేల, చెక్కనేల లేదా మ్యాట్ మంచిది. బూట్లు తప్పనిసరి.

కాలు నొప్పి అంటే

మోకాలి కింద ఎముక లోపలి అంచు వెంట వేలితో నొక్కి చూడండి. జానెడు మేర నొప్పి ఉంటే, అది ఎముకను అంటిపెట్టుకున్న పొరపై ఒత్తిడి వల్ల కావచ్చు. దీన్ని షిన్ స్ప్లింట్స్ అంటారు. పరుగు, గెంతులు తగ్గించి, కొద్ది వారాలు సైకిల్ తొక్కితే లేదా ఈత కొడితే సాధారణంగా తగ్గుతుంది. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.

ఒక్క వేలి కొనంత చోటే నొప్పి ఉంటే, రాత్రి పడుకున్నా బాధిస్తుంటే, ఎముకలో సన్నని పగులు ఏర్పడిందేమో అనుమానించాలి. అన్నీ ఆపి డాక్టరుకు చూపించండి. మొదటి రెండు మూడు వారాల్లో ఇటువంటి పగులు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కనుక “ఎక్స్‌రేలో ఏమీ లేదు” అన్నంత మాత్రాన మళ్లీ పరుగెత్తించకండి. ఎదిగే పిల్లల్లో మడమ నొప్పిని కూడా తేలికగా తీసుకోవద్దు.

నీరు కార్చడానికి ఇవి వద్దు

అన్నిటికంటే ప్రమాదకరమైన అలవాటు మరొకటి ఉంది. పోటీకి ముందు బరువు తగ్గాలని నీళ్లు మానేసి, ప్లాస్టిక్ లేదా రబ్బరు దుస్తులు తొడుక్కుని పరుగెత్తడం, గెంతడం. ఇలా తగ్గేది కొవ్వు కాదు, ఒంట్లోని నీరు. 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో అమెరికాలో ముగ్గురు కళాశాల కుస్తీ ఆటగాళ్లు ఈ విధంగా బరువు తగ్గించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాత అక్కడి కళాశాల క్రీడల్లో రబ్బరు దుస్తులను, ఆవిరి గదులను నిషేధించారు. 2024 ఆగస్టులో పారిస్ ఒలింపిక్స్‌లో మన వినేశ్ ఫోగట్ రాత్రంతా శ్రమించినా 50 కిలోల విభాగంలో 100 గ్రాములు ఎక్కువగా తూగి ఫైనల్‌కు దూరమైంది. శరీరంలో నీరు తగ్గి ఆమెకు వైద్యం అవసరమైంది. నిపుణులు చుట్టూ ఉన్న పెద్ద క్రీడాకారిణికే ఇంత కష్టమైతే, మన ఇంటి పిల్లల సంగతి ఆలోచించండి. కోచ్ బరువు తగ్గించమంటే, “ఎన్ని వారాల్లో? ఏం తింటూ?” అని అడగండి. ఎదిగే పిల్లలకు పై తరగతి బరువులో ఆడటమే మేలు.

ఈ లక్షణాలుంటే ఆలస్యం చేయవద్దు

* పరుగెత్తుతుండగా స్పృహ తప్పడం, ఛాతీలో నొప్పి, గుండె దడ. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉంటే, ఏ లక్షణం లేకపోయినా ఆటలో చేర్పించే ముందే డాక్టరుకు చెప్పండి.
* కఠిన సాధన తర్వాత కండరాల తీవ్రమైన నొప్పితో మూత్రం ముదురు గోధుమ రంగులో రావడం.
* ఆడపిల్లలకు మూడు నెలలపాటు బహిష్టు రాకపోవడం. శ్రమకు తగిన ఆహారం అందడం లేదనడానికి ఇది గుర్తు కావచ్చు. ఎముకలు బలహీనమవుతాయి.
* ఎండలో ఒళ్లు కాలిపోతూ పొంతన లేని మాటలు మాట్లాడటం. ఇది వడదెబ్బ. వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై చల్లటి నీళ్లు పోస్తూ విసరండి. అదే సమయంలో 108కి ఫోన్ చేయండి. చల్లబరచడం ఆపవద్దు.

మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఏమిటంటారా? కాలు నొప్పి ఉన్నంతకాలం రెండూ ఆపాలి. తగ్గాక దమ్ము కోసం పరుగు, పాదాల చురుకుదనం కోసం తాడు, రెండూ కొద్దికొద్దిగా మొదలుపెట్టాలి. ఈ రాత్రి మీ అబ్బాయినో, అమ్మాయినో పక్కన కూర్చోబెట్టుకుని, “కాళ్లు ఎక్కడైనా నొప్పి పెడుతున్నాయా?” అని అడగండి. ఆటలో నుంచి తీసేస్తారనే భయంతో చాలామంది పిల్లలు నొప్పిని దాచుకుంటారు. ఆట మాన్పించబోమని ముందే చెప్పండి. అప్పుడు నిజం చెబుతారు.