పట్టు తెలిసిన బల్ల

ఫిలింనగర్‌లో ఒక రాజభవనం లేవడానికి కొన్ని వారాలు చాలు. రీపర్లతో చట్రం బిగించి, ప్లైవుడ్ కొట్టి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో పోతపోసిన నగిషీలు అతికించి పెయింటర్‌కి అప్పగిస్తే, కెమెరా కంటికి అది నల్లరాతి మండపమో, టేకు స్తంభాల లోగిలో అయిపోతుంది. 1976లో అన్నపూర్ణ స్టూడియోస్ మొదలైన నాటి నుంచి పద్మాలయా, రామానాయుడు స్టూడియోల దాకా ఈ గుట్టల మీద ఈ పని సాగుతూనే ఉంది. 2003 నాటి ‘ఒక్కడు’ కోసం కళా దర్శకుడు అశోక్ ఏకంగా చార్మినార్‌నే నగర శివార్లలో నిలబెట్టారు. షూటింగ్ ముగిస్తే సెట్ విప్పేస్తారు. మేకులు పీకిన రీపర్లు ఇంకో సెట్‌కి తరలిపోతాయి.

ఇంత చెక్కపని జరిగే చోట కార్పెంటర్ ఆ చెక్కను దేని మీద పెట్టి కోస్తున్నాడో చూడండి. చాలాసార్లు అది రెండు స్టాండ్ల మీద పరిచిన ప్లైవుడ్ షీటు. రంపం ఆడితే అదీ ఆడుతుంది. పక్కనున్న కుర్రాడు మోకాలితో అదిమి పట్టుకుంటాడు. సెట్ వేగానికి ఇది చాలంటారు. ఆ చేతులకు ఇంతకంటే మంచి వస్తువు దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను. మనిషి రెండు వేల ఏళ్లుగా మెరుగుపరుస్తూ వచ్చిన వస్తువది. వడ్రంగి పనిబల్ల.

పనిబల్లను నేను యంత్రమనే అంటాను, ఎందుకంటే అది బలాన్ని మళ్లిస్తుంది. చిత్రిక పట్టేటప్పుడు మనిషి రెండు చేతులతో, నడుము బలం కూడా కలిపి ముందుకు తోస్తాడు. ఆ తోపుకి చెక్క జారితే చిత్రిక లేచిపోతుంది. బల్ల ఊగితే తోపులో కొంత భాగం ఆ ఊగులాటకే ఖర్చయిపోతుంది, చెక్క మీద అలలు పడతాయి. చెక్క కదలకూడదు, బల్ల కదలకూడదు, రెండు చేతులూ పనిముట్టు మీదే ఉండాలి. పనిబల్ల చరిత్ర అంతా ఈ మూడింటి కోసం వెతుకులాటే.

మన వడ్రంగులు ఈ ప్రశ్నకు వేరే జవాబు కనిపెట్టారు. నేల మీద కూర్చుని, పాదాలతో చెక్కను పట్టి, బాడిసతో చెక్కడం. బాడిస దెబ్బ పైనుంచి కిందికి పడుతుంది, దాన్ని నేల మోస్తుంది. కాబట్టి బాడిస, ఉలి ప్రధానమైన పనికి నేలను మించిన బల్ల లేదు. బండి చక్రం, నాగలి, రథం, ద్వారబంధం అన్నీ అలాగే తయారయ్యాయి. పెద్ద చిత్రికను ఇద్దరు కలిసి పట్టేవారు, ఒకరు వెనక నుంచి తోస్తే ఇంకొకరు ముందు నుంచి తాడుతో లాగేవారు. అడ్డంగా తోసే పని ఎక్కువైన చోట మాత్రం పాదాల పట్టు చాలదు.

ఐరోపాలో ఆ పని ఎక్కువ. క్రీ.శ. 79లో వెసూవియస్ బూడిద కింద కూరుకుపోయిన హెర్క్యులేనియం పట్టణపు గోడచిత్రంలో ఇద్దరు బాలదేవతలు ఒక పొట్టి బల్ల మీద చెక్క కోస్తూ కనిపిస్తారు. చెక్కను బిగించింది ఒక ఇనుప కొక్కెం. జర్మనీలోని జాల్‌బుర్గ్ రోమన్ కోట బావుల్లో అలాంటి పొట్టి బల్లలు నిజంగానే దొరికాయి. ఆ కొక్కెం గొప్ప ఆలోచన. బల్లలో తొలిచిన బెజ్జంలో వదులుగా దూరే కడ్డీ, పైన వంకర తిరిగిన చేయి. తల మీద సుత్తితో ఒక్కటిస్తే కడ్డీ బెజ్జంలో కాస్త వాలి, రెండు చోట్ల ఒరుసుకుని ఇరుక్కుంటుంది, చేయి చెక్కను నొక్కేస్తుంది. వెనక నుంచి ఒక దెబ్బ వేస్తే వదిలేస్తుంది. మరలు లేవు, స్ప్రింగులు లేవు. ఇప్పటికీ దీన్ని మించిన వేగం దేనికీ లేదు.

మర వచ్చి బల్లను మార్చేసింది. 1505 నాటి న్యూరెంబర్గ్ వాసి మార్టిన్ లోఫెల్‌హోల్జ్ చేతిరాత పుస్తకంలో మరతో బిగించే బల్ల బొమ్మ ఉంది. లెక్క చూస్తే దాని బలం అర్థమవుతుంది. మర ఒక్క చుట్టు తిరిగితే చెక్కను నొక్కే దవడ 6 మి.మీ. ముందుకు వస్తుందనుకుందాం. చేతిపిడి పొడవు 25 సెం.మీ. అయితే చేయి ఆ ఒక్క చుట్టులో దాదాపు 157 సెం.మీ. తిరుగుతుంది. అంటే కాగితం మీద బలం 260 రెట్లు పెరగాలి. రాపిడి అందులో చాలా భాగం మింగేస్తుంది. నాలుగో వంతు మిగిలినా, 10 కిలోల చేతి బలం దవడ దగ్గర 600 కిలోలు దాటుతుంది.

ఈ కథలో నాకు అందరికంటే ఇష్టమైన మనిషి ఆంద్రే జాకబ్ రూబో. 1739లో పారిస్‌లో వడ్రంగి ఇంట పుట్టి, పగలు పని చేస్తూ, లెక్కలు, డ్రాయింగు నేర్చుకున్నాడు. 1769 నుంచి 1775 వరకు విడతలుగా తెచ్చిన తన వడ్రంగ గ్రంథంలో 382 చిత్రపటాలు ఉన్నాయి. అందులో పనిబల్ల గురించి రాసిన తీరు చూస్తే అది గదిలో కూర్చుని ఊహించింది కాదని తెలుస్తుంది. పైపలక ఎల్మ్ లేదా బీచ్ చెక్కతో, కాళ్లు గట్టి ఓక్‌తో చేయాలన్నాడు. అంటే రెండు జాతుల కలపను కలపడం అలంకారం కోసం మొదలవలేదు. దెబ్బలు తినే చోట ఒక గుణం కావాలి, బరువు మోసే చోట ఇంకొకటి కావాలి. కాళ్ల ముఖం పైపలక అంచుతో సమానంగా ఉండాలన్నాడు, పొడవాటి పలకను నిలువుగా ఆనించి అంచు చిత్రిక పట్టడానికి. కాలి కొనను రెండు నాలుకలుగా కోసి పైపలకలోకి పూర్తిగా దూర్చాడు. రాతల్లోనే ఆగిపోలేదు. 1780ల మొదట్లో పారిస్ ధాన్యపు మార్కెట్ మీద దాదాపు 39 మీటర్ల వెడల్పున కొయ్య గుమ్మటం నిలబెట్టిన వడ్రంగి కూడా ఇతనే. 1802లో అది అగ్నికి ఆహుతైంది. బల్ల మాత్రం మిగిలింది, ఇవాళ ప్రపంచమంతటా ఆయన పేరుతోనే చేసుకుంటున్నారు.

నిలబడి పనిచేసే బల్ల మన దగ్గర పాతుకున్నది రైల్వే వర్క్‌షాపుల్లో, పారిశ్రామిక శిక్షణ పాఠశాలల్లో. సికింద్రాబాద్‌లో 1893 నాటి లాలాగూడ వర్క్‌షాపులో ఒకప్పుడు రైలు పెట్టెలకు కలప పనే ప్రాణం. సినిమా వడ్రంగం మాత్రం మద్రాసు నుంచి వచ్చింది. ‘మాయాబజార్’ (1957)కు కళా దర్శకులు గోఖలే, కళాధర్. అందులో కనిపించే ద్వారక చిన్న నమూనా నగరం. ఆ తరం చెక్కపని పరిశ్రమతో పాటే హైదరాబాద్‌కు తరలింది. సెట్ పని చోటు మారుతూ ఉంటుంది కాబట్టి బరువైన బల్ల వెంట రాలేదు.

మడత బల్ల కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. లోటస్ ఎలాన్ కారు రూపకర్త రాన్ హిక్‌మన్ 1961లో బట్టల బీరువా చేసుకుంటూ, కుర్చీని బల్లగా వాడి చెక్కతో పాటు కుర్చీని కూడా కోసేశాడు. ఆ నష్టంలోంచి పుట్టిందే రెండు పలకలే దవడలుగా బిగుసుకునే మడత బల్ల. కంపెనీలు వరుసగా వద్దన్నాయి. చివరికి 1972లో బ్లాక్ అండ్ డెకర్ తీసుకుంది. తర్వాత అవి కోట్లలో అమ్ముడయ్యాయి. సెట్ మీదికి ఇది సరైనదే. షెడ్డులో నిలకడగా ఉండాల్సిన బల్ల వేరు.

ఆ షెడ్డు బల్లను జూబ్లీహిల్స్ గాలికి తగ్గట్టు చేయాలంటే ముందు చెక్క స్వభావం తెలియాలి. చెక్క అంటే గడ్డిపరకల కట్ట. తేమ తగిలితే ప్రతి పరకా లావెక్కుతుంది, పొడవు మాత్రం దాదాపు మారదు. ఇక్కడ ఏప్రిల్ మధ్యాహ్నం గాలిలో తేమ 30 శాతానికి పడిపోతుంది, ఆగస్టు ఉదయం 80కి చేరుతుంది. ఆ తేడాకు చెక్కలోని తేమ ఏడాదిలో సుమారు 6 శాతం అటూ ఇటూ అవుతుందనుకోండి. 60 సెం.మీ. వెడల్పు టేకు పైపలక, వార్షిక వలయాలు అడ్డంగా పడేలా కోసినదైతే, 6 మి.మీ.కి పైగా ఉబ్బి తగ్గుతుంది. వలయాలు నిలువుగా నిలిచేలా కోసిన పట్టెలతో అతికితే అది 3 మి.మీ. రూబో మెచ్చిన బీచ్‌తో అదే వెడల్పుకు 13, 14 మి.మీ. వస్తుంది. ఐరోపా వాళ్ల కలప జాబితాను దించుకోవడం ఎంత పొరపాటో దీంతో తేలిపోతుంది. టేకు మన ఎండకూ వానకూ పుట్టిన చెట్టు.

గట్టిదనం కొలిచే పద్ధతి ఆస్ట్రియా శాస్త్రవేత్త గాబ్రియల్ యాంకా 1906లో చెప్పాడు. 11.28 మి.మీ. ఉక్కు గుండును చెక్కలోకి సగం దిగేదాకా నొక్కితే ఎంత బలం పట్టిందన్నదే కొలత. టేకుకు దాదాపు 485 కిలోలు పడుతుంది, జిట్రేగికి 1,100 దాకా. అయితే పైపలక మరీ గట్టిదైతే పని చేసే చెక్కకే నొక్కులు పడతాయి. కనుక పైపలక టేకుతో, దెబ్బలూ రాపిడీ పడే భాగాలు గట్టి చెక్కతో ఉండాలి. కాళ్లు, వైస్ దవడ, చిత్రిక కింద అడ్డుపడే ఆపు చెక్క ఆ కోవలోవి. అందమైన జోడీ అంటే బంగారు రంగు టేకు, ఊదా నలుపు జిట్రేగి. కానీ జిట్రేగి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉన్న చెట్టు, అడవుల్లో తగ్గిపోతోంది. పాత ఇంటి సామాను విప్పినప్పుడు దొరికితే తప్ప కొత్తగా కొట్టించి తేవడం నాకు సమ్మతం కాదు. నల్లమద్ది చాలు. టేకు కంటే బరువు, గట్టి, ముదురు గోధుమ రంగు మీద నల్లని చారలు. టేకు పక్కన నిలబెడితే రెండూ తేటతెల్లంగా కనిపిస్తాయి. నల్లతుమ్మ చేవ కూడా పనికొస్తుంది, బండి చక్రాలకు పల్లెలు దాన్ని నమ్మింది అందుకే.

టేకుకు కలప అడితి కంటే కూల్చిన పాత ఇళ్ల దూలాలు, ద్వారబంధాలు మేలు. దశాబ్దాల పాటు ఇక్కడి గాలిలోనే ఆరిన చెక్క అది. కొనేముందు కొన దగ్గర కొంచెం చిత్రిక పట్టించి చూడండి. చేవ ముదురు తేనె రంగులో మెరుస్తూ, చేతికి జిడ్డుగా తగులుతుంది, తోలు వాసన వస్తుంది. అంచున పాలిపోయిన తెల్లచెక్క ఉంటే వదిలేయాలి, పురుగు అక్కడి నుంచే దూరుతుంది. మేకులు వెతికి తీయకపోతే చిత్రిక అంచు మొదటి తోపుకే పోతుంది. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది కాబట్టి మేకులు లేకపోయినా పనిముట్టు త్వరగా మొద్దుబారుతుంది. నూరురాయి దగ్గరే పెట్టుకోవాలి.

ఆ జిడ్డే జిగురుకి శత్రువు. చిత్రిక పట్టిన వెంటనే, ముఖాలను అసిటోన్‌తో తుడిచి, అది ఆరిన మరుక్షణం జిగురు పూసి క్లాంపులు బిగించాలి. ఒక రోజు ఆలస్యమైతే నూనె మళ్లీ పైకి తేలుతుంది. ఇంకొక చిక్కు కొనల దగ్గర. పైపలక చివర అడ్డంగా నల్లమద్ది పట్టె పెట్టి, మొత్తం పొడవునా జిగురు పూస్తే, వేసవిలో పలక ముడుచుకుంటుంది, పట్టె ముడుచుకోదు, మధ్యలో పగులు తప్పదు. ముందు అంచు దగ్గర డవ్‌టెయిల్ అతుకుతో, జిగురుతో బిగించి, మిగతా చోట్ల బోల్టులకు అడ్డం కోలగా తొలిచిన బెజ్జాలు ఇవ్వాలి. పలక వెనక్కి జరగడానికి దారి ఉంటే చాలు.

9 సెం.మీ. మందం, 2 మీటర్ల పొడవు, 60 సెం.మీ. వెడల్పు టేకు పైపలక 70 కిలోలు తూగుతుంది. 12 సెం.మీ. నల్లమద్ది కాళ్లు, వాటిని కలిపే అడ్డపట్టెలతో మొత్తం 130 కిలోలు దగ్గర పడుతుంది. మనిషి తోపుకి అది కదలదు. ఎత్తుకు ఒక్క నియమం. వడ్రంగి నిలబడి చేతులు వదిలేస్తే, మణికట్టు దగ్గరికి బల్ల రావాలి. కేటలాగుల్లో ఉండే ఒకే ఎత్తు పొడగరికి నడుము నొప్పి తెస్తుంది, పొట్టివాడికి చిత్రిక మీద భుజం బరువు పడనివ్వదు. కాబట్టి పని చేసేవాణ్ణి నిలబెట్టి కొలిచాకే కాళ్లు కోయాలి.

పాలిష్ వద్దు, చెక్క జారుతుంది. పల్చగా అవిసె నూనె రెండు పూతలు చాలు. ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలకు విసరకూడదు. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోక గుడ్డ తనంతట తానే అంటుకోగలదు. థర్మోకోల్, ప్లైవుడ్, పెయింటు డబ్బాలు కలిసి ఉండే షెడ్డులో ఇది చిన్న విషయం కాదు. గుడ్డలను ఆరుబయట ఒక్కొక్కటిగా పరిచి ఆరాకే పారేయాలి.

బల్ల తయారైన రోజే పైపలకను చదును చేసి ముగించేయకూడదు. ఒక వేసవి, ఒక వానాకాలం దాటనివ్వాలి. పట్టెలు సర్దుకుంటాయి, కొన్ని అతుకులు వేలికి తగిలేంత పైకి లేస్తాయి. దసరా తర్వాత గాలి నెమ్మదించాక, రెండు తిన్నని పట్టెలను చెరో కొనన నిలిపి, వాటి అంచులను కంటితో ఒక గీతగా చూసి మెలిక ఎటుందో గుర్తుపట్టాలి. ముందు అడ్డంగా, తర్వాత మూలగా, చివర నార వెంట చిత్రిక పట్టాలి.